చింతపండుతో తోమిన గ్రిల్లు

పాత కార్లకు పైసామాను బిగించడం నా పని. బంపరు, గ్రిల్లు, తలుపుల మీద పొడుగ్గా పోయే బీడింగు, బానెట్ మీది బొమ్మ, డిక్కీ మీది అక్షరాలు, హెడ్‌లైట్ల చుట్టూ రింగులు. కారు నడవడానికి వీటిలో ఒక్కటీ అక్కరలేదు. అయినా కారు తీసుకుపోవడానికి వచ్చిన యజమాని ఇంజను సంగతి తరువాత అడుగుతాడు, ముందు వంగి బంపరులో తన మొహం చూసుకుంటాడు. ఆ మొహం వంకరగా కనబడిందా, అంతకుముందు నెలల తరబడి ఎంతమంది చేసిన పనైనా బూడిదలో పోసిన పన్నీరే.

ఇప్పుడు నా మోకాళ్ళు వంగడం లేదు. పని మానేశాను. ఈమధ్య పాత కార్లను బాగుచేయించడం మళ్ళీ ఫ్యాషన్ అయింది. కుర్రాళ్ళు ఫోను చేసి ఫలానా క్లిప్పు ఎక్కడ దొరుకుతుంది, ఫలానా రబ్బరు ఏ సైజని అడుగుతున్నారు. క్లిప్పులు వెతికితే దొరుకుతాయి. వాళ్ళు అడగని సంగతి ఒకటుంది. దాని కోసమే ఇది రాస్తున్నాను.

చేతులు

ఈ పనిలో మొదట నేర్చుకోవలసింది చేతులు కడుక్కోవడం. నవ్వకండి. ఉంగరం తీసేయాలి, గడియారం తీసేయాలి, బెల్టు విప్పి మేకుకు తగిలించాలి. పెయింటరు పూత మీద పూత వేసి, రుద్ది, మళ్ళీ వేసి తన పని ముగించుకున్నాకే కారు మన చేతికి వస్తుంది. అప్పటిదాకా ఎవరు తప్పు చేసినా తరువాతివాడు కప్పేస్తాడు. మన తరువాత కప్పేవాడు లేడు.

రెండోది, ఇనుప స్క్రూడ్రైవరును మరిచిపోవాలి. నేను భద్రాచలం వైపు వెళ్ళినప్పుడల్లా వెదురు బద్దలు తెచ్చుకుని, నీడన ఆరబెట్టి, గాజు పెంకుతో నున్నగా గీకి పెట్టుకునేవాణ్ణి. క్లిప్పు ఊడదీయాలన్నా, బీడింగు ఎత్తాలన్నా అదే. వెదురు తాను విరుగుతుంది గానీ రేకును గీయదు. రబ్బరు ఎక్కనని మొండికేస్తే సబ్బునీళ్ళు. నూనె పూసేవాడుంటే షెడ్డులోంచి పంపించేయండి. నూనె తాగిన రబ్బరు ఎండాకాలం వచ్చేసరికి ఉబ్బి, పాములా బయటికి పాక్కుంటూ వస్తుంది.

పొడుగాటి బీడింగును ఒక్కడే మోయకూడదు. నడుమ ఒకసారి వంగిందంటే మళ్ళీ ఎంత సాపు చేసినా ఎండలో ఆ వంపు కనబడుతూనే ఉంటుంది. బిగించేటప్పుడు ముందు నడిమి క్లిప్పు, తరువాత అటూ ఇటూ. ఒక చివర మొదలుపెడితే రెండో చివరకు వచ్చేసరికి రంధ్రం అరవేలు దూరంలో ఉంటుంది. అప్పుడు తెలివితక్కువవాడు డ్రిల్లు అందుకుంటాడు. కొత్త రంధ్రమంటే కొత్త తుప్పు. పైన పటారం లోన లొటారం అన్న సామెత మా షెడ్డులోనే పుట్టిందేమో అనిపించేది నాకు.

ఇవన్నీ ఎవరైనా నేర్పుతారు. ఒక్క మాట మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు, చూసి తెలుసుకున్నాను. మీ చేతిలో జారి గీత పడిన సామాను చెత్తలోకి పోదు. మెరుపు పూయించడానికి మళ్ళీ నికెల్ తొట్టి దగ్గరికి పోతుంది.

ఉస్తాద్

ఖమ్మంలో నేను ఎక్కువ కాలం పనిచేసిన షెడ్డు జబ్బార్ ఉస్తాద్‌ది. మనసు వెన్న. ఎవరింట్లో పెళ్ళయినా, చావయినా ముందు నిలబడేవాడు. ఇంజను ముందు కూర్చుంటే డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని రోగం చెప్పేవాడు. కానీ పైసామాను విషయంలో అంత మొరటు మనిషిని నేను చూడలేదు. ఇంజను నట్టును ఎట్లా బిగిస్తాడో గ్రిల్లు నట్టును కూడా అట్లాగే బిగించేవాడు.

"నట్టు ఏడ్వాలె సత్యం. ఏడిస్తేనే పట్టుకుంటది" అనేవాడు.

"ఇది ఇంజను కాదు ఉస్తాద్, పూత పగులుతుంది" అని నేను ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పని తెలిసినవాడికి తనకు తెలియని పని కూడా తెలిసినట్టే ఉంటుంది. ఈ జబ్బు అన్ని వృత్తుల్లోనూ ఉందనుకుంటాను, మా దాంట్లో కాస్త ఎక్కువ.

కొమరయ్య

మా షెడ్డు సామాను మొత్తానికి మెరుపు పెట్టేది కొమరయ్య. సొంతూరు జూలూరుపాడు దగ్గర. ఖమ్మం శివారులో రేకుల కొట్టం ఒకటి కిరాయికి తీసుకుని తొట్లు పెట్టుకున్నాడు. భార్య సమ్మక్క పక్కనే ఉన్న గదిలో కాపురం నడుపుతూ, సామాను కడగడం, తుడవడం, కాగితాల్లో చుట్టడం తానే చూసుకునేది.

పాత పూత తీసి, సాపు చేసి, రాగి పూసి, దాని మీద నికెల్, చిట్టచివర క్రోమియం పూస్తారు. జనం అంతా కలిపి నికెల్ అనే అంటారు. ఆ చివరి తొట్టిలో నీళ్ళు కారం కలిపినట్టు ఎర్రగా ఉంటాయి. కరెంటు పెట్టగానే కుతకుతమని బుడగలు లేస్తాయి, పైన పల్చటి పసుపు ఆవిరి కమ్ముకుంటుంది. మొదటిసారి ఆ కొట్టంలోకి వెళ్ళినప్పుడు నాకు కళ్ళు మండి, గొంతు పట్టేసి బయటికి పరుగెత్తాను. కొమరయ్య నవ్వాడు.

"అలవాటు లేక గట్లయితది అన్నా. ఇగో, బెల్లం తిను."

తొట్టి పక్కన డబ్బాలో ఎప్పుడూ బెల్లం ఉండేది. పని మొదలుపెట్టే ముందు ఒక ముక్క, అయ్యాక ఒక ముక్క. ముక్కుకు తడి తువ్వాలు. అంతే. వాళ్ళ నాయన బొగ్గు బాయిలో పనిచేశాడు. బాయి నుంచి వచ్చాక బెల్లం తింటే ధూళి కడుపులోకి దిగి బయటికి పోతుందని అక్కడ అందరూ నమ్ముతారు.

"మా నాయిన బెల్లం తినే ముసలోడయిండు. ధూళికి పనిచేసేది పొగకు పనిచేయదా?" అనేవాడు కొమరయ్య.

అతని మాట తీసేయడానికి నా దగ్గర ఏ చదువూ లేదు. నేను కూడా తిన్నాను. బాగుండేది ఆ బెల్లం.

అతని వేళ్ళ కణుపుల మీద చిన్న చిన్న గుంటలు ఉండేవి, లోపలికి తొలిచినట్టు. మానేవి కావు. ముక్కులోంచి అప్పుడప్పుడూ నెత్తురు చుక్క పడేది. తుడుచుకుని పనిలోకి దిగేవాడు. పనిమాత్రం అద్దం. అతని చేతి నుంచి వచ్చిన బంపరును నేను గుడ్డ చుట్టకుండా ముట్టుకునేవాణ్ణి కాదు.

బ్యారన్‌లోంచి వచ్చిన కారు

రెండువేల ఐదు, ఆ ప్రాంతంలో ప్రసాదరావు గారు మా షెడ్డుకు వచ్చారు. వాళ్ళది కృష్ణా జిల్లా నుంచి వచ్చి బూర్గంపాడు దగ్గర భూములు కొని స్థిరపడ్డ కుటుంబం. తండ్రి గారి ల్యాండ్‌మాస్టర్ కారు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో గోతాల కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. తండ్రి పోయారు. తల్లి ఉంది. ఆ ఊరి నుంచి ఈ ఊరికి కాపురం వచ్చింది ఆవిడ ఆ కారులోనే.

"శ్రీరామనవమికి మా అమ్మను ఇదే కారులో భద్రాచలం తీసుకెళ్ళాలండీ. ఎంత టైమైనా తీసుకోండి, కానీ పండగ దాటకూడదు" అన్నారు ప్రసాదరావు గారు. తీసుకోమన్న టైమూ, దాటకూడదన్న టైమూ రెండూ ఒకటి కాదని యజమానులకు ఎప్పుడూ తెలియదు. అయినా మంచి మనిషి. వచ్చినప్పుడల్లా స్టూలు వేసుకుని కూర్చుని, మా నాన్న ఈ హారన్ ఇట్లా కొట్టేవారండీ అని పిల్లాడిలా చెప్పేవారు.

కారుకు రేకు పని, రంగు పని అయ్యాయి. గ్రిల్లు దొరకడం కష్టమైంది. ఉన్నదానికి అడ్డకడ్డీలు తుప్పు తిని సన్నబడ్డాయి. కొమరయ్య దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది ముసల్దాని పన్ను లెక్కున్నది అన్నా. రుద్దితే ఊడుతది." అయినా చేశాడు. ఎక్కువ రుద్దకుండా, రాగి మందంగా పూసి గుంటలు నింపి, అచ్చం కొత్తదానిలా తెచ్చి ఇచ్చాడు.

నేను కింద రబ్బరు ముక్కలు పెట్టి, నట్లు చేత్తో తిప్పి, ఆపై వెదురు పుల్లతో సర్దుతూ ఉన్నాను. భోజనానికి వెళ్ళి వచ్చేసరికి ఉస్తాద్ స్పానరు పట్టుకుని గ్రిల్లు ముందు కూర్చుని ఉన్నాడు. నట్టు ఏడ్చింది. నడిమి కడ్డీ మీద పూత గుడ్డు పెంకులా పగిలి రాలింది.

"అరె, నేను మెల్లగనే తిప్పిన" అన్నాడు ఉస్తాద్. అతని మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. గ్రిల్లు మళ్ళీ కొమరయ్య దగ్గరికి పోయింది. పూత మొత్తం తీసి మొదటి నుంచీ చేయాలి. ఒక కడ్డీకే పూస్తే రంగు తేడా తెలుస్తుంది. కొమరయ్య డబ్బా తీసి బెల్లం నోట్లో వేసుకున్నాడు.

పాసిపోయిన పప్పు

గ్రిల్లు రెండోసారి వచ్చాక నేను ఎవరినీ దగ్గరికి రానీయకుండా బిగించాను. కారు బూర్గంపాడుకు చేరింది. ఆ వారంలోనే సమ్మక్క మా షెడ్డుకు వచ్చింది. ఆమె అట్లా ఒంటరిగా రావడం అదే మొదలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, నీకో మాట చెప్త, ఎవరితోని అనకు. నిన్న పొద్దుగాల పప్పు పాసిపోయింది. పారబోద్దామనుకున్న. పారబోయకుండ ఆయన ముందు పెట్టిన. కావాలనే పెట్టిన."

"ఎందుకమ్మా?"

"మొన్న పాలు పొంగి మాడి ఇల్లంత వాసన. పక్కింటోళ్ళు పరిగెత్తుకొచ్చిండ్రు. ఆయన పొయ్యి పక్కనే కూసున్నడు, కదల్లే. అప్పుడు అనుమానమొచ్చింది. పాసిన పప్పు పెడితే కడుపునిండ తిన్నడు. మంచిగున్నదన్నడు అన్నా. మంచిగున్నదన్నడు." అక్కడ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భర్తకు పాసిన అన్నం పెట్టి పరీక్ష చేయవలసి వచ్చిన ఆడమనిషి మనసు ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

"నేను చెప్తే ఇనడు. నీ మాటంటే గౌరవం. దవాఖానాకు నువ్వు తోల్కపో. తొట్టి బంద్ జేయమని నువ్వు చెప్పు. కూలికి పోతం, మిరపచేన్లకు పోతం, ఏమన్న జేస్తం."

టార్చిలైటు

అడిగితే కొమరయ్య ముందు కోపం తెచ్చుకున్నాడు, తరువాత ఒప్పుకున్నాడు. వాసన తెలియడం మానేసి చాలా కాలమైందట. "గానీ అన్నా, ముక్కు మాత్రం నయమయింది. ఇదివరకు పక్కులు కట్టేది, నెత్తురొచ్చేది, మంట. ఇప్పుడు ఏమ్ లేదు. బెల్లం పనిచేసింది" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు.

ఖమ్మంలో చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన కుడి ముక్కులో టార్చి వేశాడు. ఎడమ ముక్కు లోపలి నుంచి వెలుగు బయటికి వచ్చింది. ఆ గదిలో నేనూ, సమ్మక్కా ఇద్దరం చూశాం. చూడలేనిది కొమరయ్య ఒక్కడే.

"ముక్కు మధ్య గోడ తినేసింది. తినడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి మంట ఆగింది, నయమై కాదు" అన్నాడు డాక్టరు.

"బెల్లం తింటున్న సారూ" అన్నాడు కొమరయ్య.

"బెల్లం కడుపులోకి పోతుంది. నువ్వు పీల్చేది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండింటికీ దారి వేరు. మీ నాయన బతికాడంటే అది ఆయన అదృష్టం, బెల్లం గొప్పతనం కాదు. ఇప్పుడే మానేస్తే ముక్కుతో పోతుంది. మానకపోతే ఎక్కడిదాకా పోతుందో నేను చెప్పలేను."

బయటికి వచ్చాక కొమరయ్య చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాడు. సమ్మక్క పక్కన కూర్చుని అతని చేతి గుంటల మీద తన వేలితో రాస్తూ ఉంది. చివరికి "సరే, బంద్ జేస్త" అన్నాడు.

ఉస్తాద్‌తో నేను మాట్లాడాను. పాపం, ఆయన ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. "మన దగ్గరే ఉండనీ. నీతోటి సామాను బిగిస్తడు" అన్నాడు. కొమరయ్య నా పక్కన పనిలో చేరాడు. కానీ గుంటలు పడ్డ వేళ్ళకు క్లిప్పు పట్టు దొరకదు. చిన్న స్క్రూలు జారిపోయేవి. మెరుపు పెట్టి ఇచ్చిన సామానును తానే గీయవలసి వస్తుందేమో అన్న భయంతో అతని నుదుట చెమట పట్టేది. నేను అతనికి రబ్బరు కోసే పని ఇచ్చాను. నవ్వుతూ చేసేవాడు గానీ, కొట్టంలో తొట్టి ముందు నిలబడ్డ మనిషి కాదు అతను. తొట్లు మాత్రం అమ్మలేదు. అమ్ముదామని సమ్మక్క అంటే చూద్దాంలే అనేవాడు.

కారు పూజ

నవమి ఇంకో వారంలో ఉందనగా ప్రసాదరావు గారి జీపు మా షెడ్డు ముందు ఆగింది. వెనక సీటులో దుప్పటిలో చుట్టిన గ్రిల్లు. విప్పి చూశాను. గ్రిల్లు అంతటా సన్నని గీతలు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి. మెరుపు పోయి పాలు కలిపినట్టు మబ్బుగా ఉంది. మూలల్లో పూత లేచి రాగి కనబడుతోంది.

"ఏం చేశారండీ?" అన్నాను.

ప్రసాదరావు గారు తల దించుకున్నారు. "అమ్మ తోమిందండీ."

వాళ్ళ ఇంట్లో కారుకు పూజ పెట్టుకున్నారు. పూజకు ముందు ఇత్తడి సామాను తోమడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. పెద్దావిడ దీపపు కుందెలు, హారతి పళ్ళెం తోమి, అదే చింతపండు, అదే ఇటుకపొడి తీసుకుని వెళ్ళి కారు ముందు చతికిలబడి గ్రిల్లు తోమిందట. పనిమనిషి చేస్తానన్నా ఒప్పుకోలేదట. "మా ఆయన కారు. దీన్ని ఇంకొకరి చేత తోమిస్తానా?" అందట. తోముతున్న కొద్దీ మెరుపు తగ్గుతుంటే సరిగా తోమడం లేదనుకుని ఇంకా గట్టిగా తోమిందట. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆవిణ్ణి ఏమనగలం? కొత్త సామాను అప్పగించేటప్పుడు దీన్ని మెత్తటి గుడ్డతో తప్ప ముట్టకండని చెప్పడం మా పద్ధతి. ప్రసాదరావు గారికి చెప్పాం. ఇంట్లో దేవుడి సామాను తోమే చేతికి ఎవరూ చెప్పలేదు. కుర్రాళ్ళకు నా మాట ఇది. కారు ఎవరు నడుపుతారో వాళ్ళకు కాదు, ఎవరు తుడుస్తారో వాళ్ళకు చెప్పండి.

"విజయవాడ పంపిద్దాం" అన్నాను నేను వెంటనే. ఉస్తాద్ ఫోను చేశాడు. నవమి లోపల కాదన్నారు. "అయితే పాలిష్ పెట్టి చూస్తాను, దూరానికి కనబడదు" అన్నాను. ప్రసాదరావు గారు నా వైపు చూశారు. "అమ్మ రెండు రోజులుగా అన్నం తినడం లేదండీ. నేనే పాడు చేశానని ఏడుస్తోంది. ఆవిడకు కనబడుతుంది" అన్నారు.

రబ్బరు కోస్తున్న కొమరయ్య కత్తి కింద పెట్టి లేచాడు. గ్రిల్లు దగ్గరికి వచ్చి గుంటలు పడ్డ వేలితో ఆ గీతల మీద రాశాడు.

"నేను జేస్త" అన్నాడు.

"నువ్వు చేయవు. డాక్టరు ఏమన్నాడు?"

"ఒక్కసారికి ఏమైతది అన్నా? పెద్దమ్మ అన్నం తింటలేదట. నా చేతి పని మీద ఇటుకపొడి రుద్దిండ్రు. దాన్ని అట్లనే కారుకు పెడితే నాకు మంచిగుంటదా?"

"ఉస్తాద్, చెప్పు" అన్నాను. ఉస్తాద్ నేల చూశాడు. యజమాని ఎదురుగా ఉన్నాడు, పండగ దగ్గరపడింది, చేయగలిగినవాడు చేస్తానంటున్నాడు. ఎవరు కాదంటారు? నేను గ్రిల్లును అటువైపు లాగాను, కొమరయ్య ఇటువైపు లాగాడు. పెద్దమనుషులం ఇద్దరం, ఒక తుప్పు గ్రిల్లు కోసం చిన్నపిల్లల్లా లాక్కున్నాం. అప్పుడు అతను మెల్లగా అన్న మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది.

"అన్నా, నీ పక్కన కూసోని నేను ఏం జేస్తున్ననో నాకెరుకనే. రబ్బరు ముక్కలు ఎవరన్న కోస్తరు. గిదొక్కటే నాకొచ్చు."

నేను చెయ్యి వదిలేశాను. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు.

సమ్మక్క ఆ సాయంత్రం కొట్టం తలుపుకు అడ్డంగా కూర్చుందట. అతను ఆమెను దాటుకుని లోపలికి పోయాడట. గ్రిల్లు వచ్చింది. అంత మంచి పని అతను అంతకుముందు చేయలేదు. కారులో కూర్చుని పెద్దావిడ భద్రాచలం వెళ్ళింది, కల్యాణం చూసింది. తిరిగి వస్తూ ఉస్తాద్ ఇంటికీ, మా ఇంటికీ, కొమరయ్య ఇంటికీ తలంబ్రాల పొట్లాలు పంపింది.

ఆ తరువాత

తొట్టి ఒకసారి మళ్ళీ మొదలయ్యాక ఆగలేదు. ఒక్కసారి అన్నది ఒక్కసారిగా ఉండదు. కొమరయ్య మళ్ళీ చేస్తున్నాడని తెలిసి బైకుల వాళ్ళు వచ్చారు, ట్రాక్టర్ల వాళ్ళు వచ్చారు, మణుగూరు వైపు నుంచి బస్సుల అద్దాల రింగులు వచ్చాయి. రబ్బరు కోయడానికి అతను తిరిగి రాలేదు. నేనూ గట్టిగా పిలవలేదు. అతను తొట్టి ముందు నిటారుగా నిలబడతాడని నాకు తెలుసు.

కొన్నేళ్ళకు దగ్గు మొదలైంది. హైదరాబాద్ తీసుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లో గడ్డ అన్నారు. కొమరయ్య బతకలేదు. ఆ గ్రిల్లే చంపిందని నేను అనను. ఏ సామాను ఎంత తిన్నదో చెప్పడానికి ఏ డాక్టరు వల్లా కాదు. అన్నీ కలిసి తిన్నాయి. నేను బిగించిన బంపర్లు, ఉస్తాద్ పగలగొట్టిన కడ్డీ, పెద్దావిడ తోమిన గ్రిల్లు అన్నీ అందులో ఉన్నాయి.

జూలూరుపాడు దగ్గర వాళ్ళ ఊళ్ళో మట్టి చేశారు. నేనూ, ఉస్తాద్ వెళ్ళాం. ఉస్తాద్ ఏడుస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక సమ్మక్క నా దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళు ఎండిపోయి ఉన్నాయి.

"అన్నా, గా పెద్దమ్మ కారు ఇంకా మెరుస్తుందా?" అని అడిగింది.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

తెలిసే రోజు కూడా వచ్చింది. తరువాతి వానాకాలం పోయాక ప్రసాదరావు గారు ఫోను చేశారు. పెద్దావిడ కాలం చేసిందట. కారు ఇంటి ముందు రేకుల కింద ఉంటోందట. గోదావరి పక్క చెమ్మకు గ్రిల్లు మీద పొక్కులు లేచాయట.

"మళ్ళీ వేయించాలండీ. ఆ పాత మనిషి చేతే చేయించండి, బ్రహ్మాండంగా చేశాడు."

"అతను పోయాడండీ."

"అయ్యో!" అన్నారు. నిజంగానే బాధపడ్డారు, గొంతులో తెలిసింది. "మరి ఇంకెవరున్నారు?" అన్నారు.

నేను ఫోను పెట్టేశాను. ఆయనే ఎక్కడో విచారించి, గ్రిల్లు పంపి, మెరుపు పెట్టించుకుని వచ్చారు. బిగించడానికి నన్ను పిలిచారు. వెళ్ళకూడదనుకున్నాను. నేను వెళ్ళకపోతే స్పానరు పట్టుకునే ఇంకెవడో వెళ్తాడు కదా అనిపించి బస్సెక్కాను.

కారు ముందు గుడ్డ పరిచి కూర్చున్నాను. ఉంగరం, గడియారం, బెల్టు తీసి పక్కన పెట్టాను. గ్రిల్లు కాగితం విప్పితే నా మొహం కనబడింది. ఎవరు చేశారని ప్రసాదరావు గారిని అడిగాను. పేరు తెలియదండీ, షాపువాళ్ళు ఎవరి చేతో చేయించారన్నారు. నట్లన్నీ చేత్తోనే తిప్పాను. పొద్దున కూర్చున్నవాణ్ణి పొద్దు వాలేదాకా లేవలేదు. ఇంత చిన్న పనికి ఇంతసేపేమిటండీ అని ఆయన నవ్వారు. గీత పడితే ఇది మళ్ళీ తొట్టి దగ్గరికి పోతుందండీ, అక్కడ ఎవరో ఉంటారు అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో, టీ తెప్పిస్తానని లోపలికి వెళ్ళారు.